మడత గీతకు అవతల

మర్రిగూడ
6 నవంబర్ 2022

అన్నకు,

చెల్లె రాజమణి దండం పెట్టి రాస్తున్న. ఈడ నేను, మీ బావ మంచిగనే ఉన్నం. ఆడ నువ్వు, పుష్ప వదిన, మానస మంచిగుండాలె.

ఈ కాలంల ఉత్తరమేందని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు రెండు మాటలు మాట్లాడి 'ఇగో వదినకిస్తున్న' అంటవు. ఇరవై మూడేండ్ల సంది గదే తంతు. కాయితమైతే వదిన చేతికిచ్చి తప్పించుకోలేవు. సదవాల్సిందే.

అసలు సంగతి చెప్త. పోయిన ఏడు మగ్గం తీసేసి గుంట పూడ్పిచ్చినం. గుంటల దిగి కూసునుడు నాకు పడ్తలేదు. మీ బావ తాపీ పనికి పోతాండు. ఇంట్ల ఉండేది ఇద్దరమే, పొద్దంత గోడలు చూసుకుంట నేనొక్కదాన్నే. పని లేకుండ కూసుంటే తిన్న బువ్వ ఒంటికి పట్టదు, నీకెరుకే గద.

మా సంఘం పెద్ద మారెమ్మక్క ఒక మాట చెప్పింది. దొడ్డిల పచ్చ జాలి కట్టి గ్రీన్‌హౌస్ ఏసుకుంటే మిరప నారు, టమాట నారు పెంచి ఇయ్యొచ్చట. మూడూర్ల రైతులు నారు కోసం యాడికో పోయి తెచ్చుకుంటున్నరు, మన దగ్గరుంటే మన దగ్గర్నే కొంటరు. కాకపోతే ఉగాది వరకు కట్టుడు అయిపోవాలె. లేకుంటే ఆ పని ఇంకొకామెకు పోతది. అన్నా, నాకు ఈ పని కావాలె. మల్ల మల్ల అడుగ, ఇదొక్కటే అడుగుతున్న.

వెల్డింగ్ పనికి నరేశ్ అని ఒకాయన ఉన్నడు. 'స్కేలు పెట్టి గీసిన ప్లాను తెచ్చియ్యి అక్కా, అంగుళం తప్పకుండ కడత, ప్లాను లేకుంటే నా చేతగాదు' అన్నడు. స్కేలు పెట్టి గీసెటోడు మా ఇంట్లనే పుట్టిండని చెప్పిన. దొడ్డి పొడుగు ముప్పై అడుగులు, అడ్డం పన్నెండు. మీ బావ పట్టీతోని కొలిచిండు.

జర తొందరగ గీసి పంపు.

నీ చెల్లె
రాజమణి


నల్గొండ
19 నవంబర్ 2022

చిరంజీవి సౌభాగ్యవతి రాజమణికి, అన్న వెంకటనర్సు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ గురించి నువ్వు రాసిన మాట చదివి పుష్ప నవ్వింది, నేను నవ్వలేదు. చేనేత సొసైటీలో పని ఒత్తిడి నీకు తెలియదు. రోజుకు మూడు చీరల డిజైన్లు గీసిస్తే తప్ప ఆసు మీదకు నూలు ఎక్కదు. అయినా నువ్వు అడిగావు కాబట్టి రెండు ఆదివారాలు కూర్చొని ప్లాను పూర్తి చేశాను. ఫోన్‌లో ఫోటో పంపడం నాకిష్టం లేదు. ఫోన్‌లో బొమ్మ వస్తుంది, స్కేలు రాదు. కాగితం మీద పట్టీ పెట్టి కొలుచుకోవాలి, అప్పుడే అది ప్లాను.

మన చీరల గ్రాఫు మీదే గీశాను. ఒక గడి అంటే అర అడుగు. ఇల్లు పొడవు ఇరవై నాలుగు అడుగులు, వెడల్పు పది. మధ్యలో నాలుగడుగుల దారి, దారికి రెండు వైపులా మూడడుగుల వెడల్పున బల్లలు. నారు ట్రేలు వాటి మీద పెట్టుకుంటావు. కప్పు రెండు వాలులు. పక్కలకు ఆరడుగులు, నడిమిన తొమ్మిది. అంత ఎత్తు లేకపోతే వేడి కిందికి దిగి నారు ఉడికిపోతుంది. తూర్పున దర్వాజ, ఎలుకలు దూరకుండా గడప. నీళ్ల పైపు తల మీదుగా పోతుంది, చెయ్యెత్తి తిప్పితే జల్లు పడుతుంది.

బల్లల ఎత్తు మూడడుగులు వేశాను. నీ ఎత్తు నాకు గుర్తే ఉంది. మన కుండమార్పిడి పెళ్లిళ్లప్పుడు, వాళ్ల పుష్ప మనింటికి, నువ్వు వాళ్లింటికి అని ఖాయమయ్యాక, పెళ్లిచీరలు నేయడానికి బాపు మీ ఇద్దరినీ గోడకు నిలబెట్టి కొలిచాడు. ఇద్దరూ సరిగ్గా ఐదడుగులు. అంటే గ్రాఫు మీద పది గడులు. పది గడుల మనిషికి ఆరు గడుల బల్ల లెక్కకు సరిపోతుంది.

ఒక్క మాట. అలవాటు కొద్దీ సగమే గీశాను. కాగితం అంచున చుక్కల గీత ఉంది చూడు, అది మడత. రంగు అద్దే ముందు చిటికి కట్టేటప్పుడు నూలు మడిచి ఒక దిక్కు కడితే రెండో దిక్కు దానంతట అదే వస్తుంది కదా. ఇదీ అంతే. దారి సగానికి మడత. ఇవతల ఏముందో అవతలా అదే. సాలె ఇంట పుట్టినదానివి, నీకు చెప్పనక్కరలేదు. ఆ వెల్డర్‌కు మాత్రం నువ్వే చెప్పు.

శ్రీశైలం బావకు నమస్కారాలు.

వెంకటనర్సు


మర్రిగూడ
1 డిసెంబర్ 2022

అన్నా,

ప్లాను ముట్టింది. ఎంత సక్కగ గీసినవే! పుస్తకాల భాషల రాసే ఉత్తరం కంటె నీ గీతలే బాగ మాట్లాడ్తయి. 'క్షేమం', 'చెప్పనక్కరలేదు' అని రాస్తే సర్కారు నోటీసు వచ్చినట్టుంది నాకు.

కని కొన్ని మార్చాలె. బల్ల ఎత్తు మూడడుగులు వద్దు, అడుగున్నర చాలు. పైపు ఖర్చు తగ్గుతది. దర్వాజ ఒక్కటి సాలదు, తూర్పుకొకటి పడమటికొకటి పెట్టు. గాలి ఆడ్తది. గడప తీసెయ్యి. పైన నీళ్ల పైపు వద్దు, కింద మోకాళ్ల ఎత్తుల ఒక నల్లా పెట్టు, నేను డబ్బతోని పోసుకుంట.

మార్చి మల్ల పంపు. ఎందుకు ఏమిటని అడుగకు, పెరడు నాది గద.

రాజమణి


నల్గొండ
14 డిసెంబర్ 2022

రాజమణికి,

నీ మార్పులు చదివి పుష్పను పిలిచి చూపించాను. ఇది నారు పెంచే ఇల్లా, గొర్ల కొట్టమా? అడుగున్నర ఎత్తు బల్ల మీద పని చేస్తే మనిషి పొద్దంతా వంగే ఉండాలి. నెల తిరగకుండా నడుము పట్టేసి నన్ను తిడతావు. రెండు దర్వాజలు ఎందుకట? దొంగలు పడితే ఉరకడానికా? గడప లేకపోతే ఎలుకలు నీకంటే ముందే నారు కోసుకుపోతాయి. పైపు తీసేసి డబ్బాతో పోస్తావా? వేల మొక్కలమ్మా అవి, వంద కాదు!

పైపు ఖర్చు అంటావు, గాలి అంటావు. నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే. ఒకటి మనసులో పెట్టుకొని ఇంకొకటి చెప్తావు. కొత్త చీర కావాలంటే పాతది ఎలుక కొరికిందనేదానివి.

సరే, పెరడు నీది అన్నావు కాబట్టి నీ మాటే కానిచ్చాను. బల్లతో పాటు కప్పు ఎత్తు మాత్రం తగ్గించలేదు, అది నారు కోసం. ఇదే ఆఖరు గ్రాఫు, ఇక రబ్బరు పట్టను. నేనే వచ్చి దగ్గరుండి కట్టించేవాణ్ణి, కానీ సంక్రాంతి ఆర్డర్లు, ఆ తర్వాత పెళ్లిళ్ల ఆర్డర్లు. పుష్ప కూడా ఎందుకో నీ మార్పులు చూసిన దగ్గర్నుంచి మాట్లాడకుండా ఉంది. నిన్న కూర మాడగొట్టింది.

మానస డిగ్రీ ఆఖరు ఏడు. దేవరకొండ అవతల నుంచి ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి టీచరు. చూడాలి.

వెంకటనర్సు


మర్రిగూడ
2 జనవరి 2023

అన్నకు,

రెండో గ్రాఫు ముట్టింది. నరేశ్‌కు ఇచ్చిన. పండుగ పోయినంక మొదలువెడ్తడట.

నువ్వు వస్తవని నేను అనుకోలే. నల్గొండకు మర్రిగూడకు గంటన్నర బస్సు. ఆ గంటన్నర నీకు ఇరవై మూడేండ్ల సంది దొరుకుతలేదు. అత్త పోయినప్పుడు వచ్చినవు గని, మధ్యాహ్నం బస్సుకే ఎల్లిపోయినవు. నేను వాకిట్ల గోడకు ఒరిగి కూసున్న. నా దిక్కు చూడనన్న చూడలే.

వదినను ఏమనకు. కూర మాడితే మాడనియ్యి.

రాజమణి


నల్గొండ
9 మార్చి 2023

రాజమణికి,

ఇప్పుడే మానస ఫోన్‌లో ఆ నరేశ్ పంపిన ఫోటో చూశాను. చూసి నా రక్తం మరిగిపోయింది.

సగం కట్టాడు! నేను గీసిన ఇంటిలో సగం! ఒంటి వాలు కప్పు, ఐదడుగుల వెడల్పు, ఒక్క బల్ల, రెండడుగుల దారి. మడత గీత ఉన్న చోట నిలువునా జాలి కొట్టి మూసేశాడు. గోడకు ఒరగబెట్టిన సైకిల్ షెడ్డులాగా ఉంది. ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? 'నువ్వు గీసిందే కట్టిన సార్, అంగుళం తప్పలే, పట్టీ తెచ్చి కొలుసుకో' అన్నాడు. పైగా నన్నే సార్ అని వెక్కిరింపు!

వాడంటే ఇనుము అతికేవాడు, వాడికి మడత తెలియదు. నీకేమైంది? బాపు దగ్గర ఏడేళ్లప్పుడే చిటికి కట్టావే! చుక్కల గీత చూడగానే సగమే అని సాలె ఇంటి చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. పక్కనే ఉండి ఏం చూశావు? నేను రెండు ప్లాన్లు గీశాను, కళ్లు మంటలు పుట్టేలా గడులు లెక్కపెట్టాను. సొసైటీలో నలుగురికి చూపించుకున్నాను. ఇప్పుడు వాళ్లకు ఏ మొహం చూపించాలి? ఈ సగం కొట్టంలో ఎంత నారు పోస్తావు? ఉగాది ఇంకా పదమూడు రోజులే ఉంది. మారెమ్మకు ఏం చెప్తావు?

వాణ్ణి పిలిపించు. రెండో సగం ఉచితంగా కట్టమను. లేకపోతే నేనే వచ్చి వాడి సంగతి చూస్తాను.

ఫోటోలో ఒక మూలన ఎవరో ముసలామె కర్ర పట్టుకొని వంగి నిలబడి ఉంది. మీ పక్కింటి నర్సింగమ్మ అవ్వ ఇంకా బతికే ఉందా?

వెంకటనర్సు


మర్రిగూడ
16 మార్చి 2023

అన్నా,

నీ తిట్లు రెండుసార్లు సదివిన. ఇగ నువ్వు కూసొని సదువు.

మడత గీత నాకెరుకే. నరేశ్ పాపం అడిగిండు, 'అక్కా, ఈ చుక్కల గీతేంది' అని. 'అది అవతలి గోడ' అని నేనే చెప్పిన. ఆయన తప్పు గింత లేదు. ఆయనను ఇంకో మాట అంటే నా మీద ఒట్టే.

సగమే ఎందుకు కట్టిచ్చిన అంటే, నేను ఎనుకకు మల్లలేను. మెడ తిరుగదు, నడుం తిరుగదు. ఒక దిక్కు బల్ల కాడ పని చేసుకుంట రెండో దిక్కు బల్ల చూడాల్నంటే నా నుంచి కాదు. రెండు దర్వాజలు అందుకే. తూర్పు దర్వాజల పోయి, బల్ల ఎంబడి నడిచి, పడమటి దర్వాజల ఎల్లి, దొడ్డి సుట్టు తిరిగి మల్ల తూర్పుకొస్త. గడప మీదికి కాలు లేవదు. చెయ్యి భుజం దాటి పోదు, అందుకే నల్లా కింద పెట్టుమన్న. బల్ల అడుగున్నర ఎందుకంటే నా మొకం ఎప్పుడు భూమి దిక్కే ఉంటది. మూడడుగుల బల్ల నాకు ఎదురంగ గోడ అయితది.

'పొద్దంతా వంగే ఉండాలి' అని రాసినవు. ఉంటనే ఉన్నగద.

ఫోటోల ఉన్నది నర్సింగమ్మ అవ్వ కాదు. ఆమె పోయి నాలుగేండ్లాయె. అది నేను.

ఈ ఉత్తరం ఎంబడి నీ మొదటి గ్రాఫు పంపుతున్న. దాని మీద ఎర్ర పెన్నుతోని రెండు గీతలు గీసిన. ఒకటి పది గడులు, నువ్వు గుర్తుపెట్టుకున్న చెల్లె. పక్కన ఇంకోటి ఏడు గడులు. మీ బావ పట్టీతోని కొలిస్తే నేను గీసిన. స్కేలు తప్పలే, చూసుకో.

పెండ్లయి వచ్చిన కాడి నుంచి బోరింగు నీళ్లే తాగిన. ఫ్లోరైడ్ నీళ్లని ఊరందరికి ఎరుకే, కని దూపయితే ఏం తాగుతం? నల్లాలల్ల కృష్ణ నీళ్లు వచ్చేటాలకు పద్దెనిమిదేండ్లు అయిపోయినయి. ముందుగాల మోకాళ్లు పట్టినయి, ఎనుక నడుం, ఎనుక మెడ. నీళ్లు మారినయి గని వంగిన బొక్కలు మల్ల నిటారు కావని డాక్టర్ చెప్పిండు. దవాఖానకు నల్గొండ మూడుసార్లు వచ్చిన. ఆటో మీ గల్లీ ముంగట్నుంచే పోయింది. మీ బావ 'దిగుదామా' అన్నడు. నేనే వద్దన్న. నా ఉసురు మీ వాకిట్ల పడొద్దని.

పింఛన్ వస్తాంది నాకు. అది తిని మూలకు కూసోమంటరు అందరు. నేను కూసోను. అందుకే ఈ ఇల్లు అడిగిన.

ఇంకో మాట. దీన్ని ఇరవై మూడేండ్లు కడుపుల పెట్టుకున్న. సంబంధం ఖాయం చేసుకుందామని నువ్వు, బాపు ఈ ఇంటికి వచ్చిననాడు అత్త బీరమ్మ చెంబుతోని నీళ్లిచ్చిందట. బాపు ఎత్తి గటగట తాగిండట. నువ్వు ముట్టలేదట. దూపయితలేదని చెప్పి, బస్టాండుకు పోయి గోలిసోడా తాగినవట. అత్త సచ్చేదాక ఆ మాట మర్వలే. 'మీ అన్నకు ఎరుకే బిడ్డా. ఎరుకుండే నిన్నిచ్చిండు' అనేటిది.

అవునా కాదా, అన్నా?

నూలు మడిచి ఒక దిక్కు కడితే రెండో దిక్కు గట్లనే వస్తదనుకుంటివి. వదిన మనింటికొచ్చి నిటారుగ నడుస్తాంది, ఆమె పండ్ల మీద గార తప్ప ఇంకేం మిగలలే. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె ఏం చేసింది? ఇవతల సగం నువ్వు మంచిగ గీసుకున్నవు. మడతకు అవతల నేనున్న. నువ్వు కాయితం విప్పి చూడలే.

రాజమణి


నల్గొండ
23 ఏప్రిల్ 2023

చెల్లే,

నెల దాటింది. ఆరు కాయితాలు రాసి చింపిన. పుస్తకాల భాషల రాస్తే అన్నీ అబద్దాలే వస్తున్నయి. గిట్లనే రాస్త.

అవును. నాకు ఎరుకే.

ఆనాడు బస్సు దిగంగనే బాపు పాన్‌డబ్బ కాడ ఆగిండు. సోడా బండి కాడ ఒక ముసలి పంతులు కూసున్నడు. యాడికని అడిగితే సంబంధం సంగతి చెప్పిన. ఆయన నా మొకం చూసి 'పిల్లనిస్తున్నవా, పిల్లను తెచ్చుకుంటున్నవా' అన్నడు. రెండూ అన్న. 'పిల్లను తెచ్చుకో నాయినా. పిల్లనియ్యకు. ఈ నీళ్లకు పిల్లనియ్యకు' అన్నడు. బాపుకు వినపడలే. నేను చెప్పలే.

ఆడికి పోయినంక మా అత్త వంగి నీళ్లు తెచ్చింది. వాకిట్ల ఆడుకునే పోరల గార పట్టిన పండ్లు చూసిన. అన్నీ చూసిన. కని పుష్ప తలుపు ఎనుక నిలబడి ఉండె. నేను చెల్లెనియ్యనంటే వాళ్లు పుష్పనియ్యరు. కుండమార్పిడి అంటేనే గది. అందరు బతుకుతలేరా అని మనసుకు చెప్పుకున్న. బస్సుల బాపు 'ఎట్లుందిరా' అని అడిగితే 'మంచి సంబంధమే' అన్న. ఆ రెండు మాటలు నాయి. బాపుయి కావు. బాపును ఏమనకు.

అత్త పోయినప్పుడు నీ దిక్కు ఎందుకు చూడలే అంటే, చూస్తే నాకు తెలిసిపోతదని. ఆనాడు ఇంటికి వచ్చినంక పుష్ప చెప్పింది, 'రాజమణి నడుం వంగుతాంది, మా అమ్మ లెక్కనే అయితాంది' అని. నేను ఆమె మీద ఒర్లిన. 'పని చేసుకునే మనిషికి నడుం వంగదా' అన్న. మల్ల ఆ మాట ఎత్తనియ్యలే. నీ మార్పులు చూసిననాడు ఆమె వంటింట్ల ఏడ్చింది. కూర గందుకే మాడింది.

పది గడులు అని గ్రాఫు మీద రాసిననాడు నాకెరుకే, నీకు ఆ ఎత్తు లేదని. అయినా గీసిన. గీస్తే ఉంటదనుకున్న. ముప్పై ఏండ్ల సంది కాయితం మీద ఏది గీస్తే అది చీర మీదికి వచ్చింది. అలవాటయిపోయింది.

ఇంకోటి చెప్పకుంటే నా పానం పోదు. ఫోటోల నిన్ను గుర్తువట్టిన. కర్ర పట్టుకున్న చేతి మీద పచ్చబొట్టు చూసిన, జాతరల నేను దగ్గరుండి పొడిపిచ్చిందే. గుర్తువట్టే నర్సింగమ్మ అవ్వనా అని రాసిన. నువ్వు 'అవును' అని రాస్తవని ఆశపడ్డ. నువ్వు ఎప్పుడు గట్లనే కప్పిపెట్టేదానివి గద.

నువ్వు గీసిన ఎర్ర గీతలు చూసిన. ఏడు గడులు. పట్టీ పెట్టి చూసిన, స్కేలు తప్పలే.

రాజమణీ, రమ్మంటే వస్త. రెండో సగం నేనే నిలబడి కట్టిస్త. నిలబడి పని చేసెటోళ్లను ఎవరినన్న పెట్టుకుందువు. వద్దంటే అదీ వద్దు. మాఫ్ చేసినన్న ఒక్క మాట రాయి. ఒక్క లైను చాలు.

నీ అన్న


మర్రిగూడ
14 జూన్ 2023

అన్నకు,

మిరుగు కార్తె వచ్చింది, వాన పడ్డది. ఉగాది వరకు కట్టుడయింది కనుక మారెమ్మక్క మాట మీద నిలబడ్డది, పని నాకే ఇచ్చింది. మొదటి కాపు మిరప నారు, టమాట నారు మూడూర్లోళ్లు వచ్చి తీస్కపోయిండ్రు. ట్రేలన్ని ఖాళీ అయినయి, మల్ల గింజలు ఏసిన. కోస్గి దిక్కు నుంచి ఒకాయన చుట్టాలింటికి వచ్చి నారు చూసి, వచ్చే పంటకు తనకు కూడ కావాల్నన్నడు. సగం ఇంట్ల ఏమయితదని తిట్టినవు గద, గిదయింది.

పొద్దుగాల తూర్పు దర్వాజల పోతున్న. పడమటి దర్వాజల ఎల్లి దొడ్డి తిరిగి వస్తున్న. రోజుకు ముప్పై సార్లు తిరుగుత కావచ్చు. నువ్వు కప్పు ఎత్తు తగ్గియ్యకపోవుడు మంచిదాయె, ఎండకాలం ఒక్క మొక్క సావలే. కప్పు మస్తుందని వచ్చినోళ్లందరు అంటున్నరు. ఎండ పచ్చగ జాలువారుతదట. నేను చూడలే, నాకు కనవడదు. నేల మీద పడ్డ నీడ చూసి అట్లుంటదని అనుకుంట.

రెండో సగం కట్టకు. మనిషిని పెట్టుకొమ్మన్నవు. నాకు మనుషులు వద్దు, పని కావాలె. ఆ ఐదడుగుల జాగల నేను తిరిగే బాట ఉంది. అది నాది.

మాఫ్ చేసిన్నని రాయమన్నవు. చాన కూసున్న ఈ కాయితం ముంగట. రాద్దామనే అనుకున్న, వదిన మొకం చూసి. చెయ్యి రాలే. అబద్దం రాయొద్దని నువ్వే ఇన్నేండ్లకు ఒక మంచి ఉత్తరం రాసి నేర్పినవు, ఇగ నేనెట్ల రాయాలె? నీ మీద పానం లేదని కాదు. ఉంది. అందుకే ఇంత మండుతాంది. పరాయోడు చేస్తే ఒక్క ఏడు తిట్టి మర్చిపోయేదాన్ని.

మానసకు దేవరకొండ అవతలి సంబంధం అన్నవు. ఇల్లు చూడకు, పొలం చూడకు, పిల్లగాని నౌకరి చూడకు. ముందుగాల ఆ ఇంటి నీళ్లు అడుగు. వాళ్ల బావి కాడికి పోయి, ఆ ఇంటి ముసలోళ్లు ఎట్ల నడుస్తున్నరో చూసి, ఎనుక చెంబెడు తాగు. నీ గొంతు దిగితేనే పిల్లనియ్యి. అత్తనయి అడుగుతున్న.

రమ్మంటే వస్తనన్నవు. రా. పొద్దటి బస్సుకే రా, మధ్యాహ్నం బస్సుకు పోతనంటే అసలే రాకు. నా తల లేవదు, నీ మొకం చూడమని అడుగకు. నీ కాళ్లు చూసి గుర్తువడ్త, ఎడమ కాలి బొటనేలికి మగ్గం కర్ర తగిలిన మచ్చ ఉండె గద.

నువ్వు వాకిట్లకు రాంగనే చెంబుతోని నీళ్లిస్త. గదే చెంబు, అత్తది. భయపడకు, ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లు వస్తున్నయి. దూపయితలేదని అనకు. నువ్వు తాగినవో పారబోసినవో నేను చూడలేను. పక్కనే నిలబడి గుటక వింట.

నీ చెల్లె
రాజమణి